వెబ్ పేజీలో గీతబొమ్మ తనంతట తాను గీసుకునేలా చేయడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఒంగోలులో చిన్నచిన్న వెబ్‌సైట్ల పని చేస్తుంటాను. సాయంత్రాలు డిగ్రీ, డిప్లొమా పిల్లలు నలుగురైదుగురు వచ్చి కూర్చుంటారు. పేజీలో ఒక గీతబొమ్మ ఎవరో గీస్తున్నట్టు మెల్లగా పూర్తవడం ఒక్కసారి చూశారంటే ఇక వదలరు, "అన్నా, అది ఎట్టా?" అని మొదలుపెడతారు. ప్రతి బ్యాచ్‌కీ అవే ప్రశ్నలు వస్తున్నాయి కాబట్టి జవాబులు ఇక్కడ రాసి పెడుతున్నా. కోడ్‌లోని పేర్లను నోటితో చెప్పినట్టే తెలుగులో రాశాను. ఎడిటర్‌లో మాత్రం ఇంగ్లీషులోనే కొట్టాలి, పెద్దక్షరం ఎక్కడో చిన్నక్షరం ఎక్కడో చూసుకుని.

గీత తనంతట తాను ఎలా గీసుకుంటుంది?

నిజానికి అక్కడ ఎవరూ ఏమీ గీయడం లేదు. గీత మొత్తం ముందే ఉంది. దాన్ని దాచి, కొద్దికొద్దిగా బయటపెడుతున్నాం.

నేషనల్ హైవే 16 మీద నెల్లూరు వైపు వెళ్తుంటే లేన్ల మధ్య తెల్లగీత ముక్కలుముక్కలుగా ఉంటుంది కదా. కొంత గీత, కొంత ఖాళీ, మళ్ళీ గీత. ఎస్వీజీలో (వెబ్ పేజీలో గీతబొమ్మలు పెట్టే ఒక ఫార్మాట్) ఏ గీతనైనా ఇలా ముక్కలు చేసే గుణం పేరు స్ట్రోక్-డ్యాష్‌అరే. దానికి 10 ఇస్తే 10 యూనిట్ల గీత, 10 యూనిట్ల ఖాళీ. ఇప్పుడు మన బొమ్మలో గీత పొడవు 800 అనుకోండి. డ్యాష్‌అరేకి కూడా 800 ఇస్తే 800 గీత, ఆ తర్వాత 800 ఖాళీ. గీత పొడవే 800 కాబట్టి ఖాళీ వంతు రానేరాదు, బొమ్మ నిండుగానే కనిపిస్తుంది.

రెండో గుణం స్ట్రోక్-డ్యాష్‌ఆఫ్‌సెట్. ఈ గీత-ఖాళీ వరుసను ఎంత జరపాలో అది చెబుతుంది. దానికీ 800 ఇచ్చారంటే గీత ముక్క పూర్తిగా వెనక్కి జరిగిపోయి, ఖాళీ వచ్చి బొమ్మ మీద కూర్చుంటుంది. స్క్రీన్ మీద ఏమీ కనిపించదు. ఇక ఆ 800ని సున్నా వరకు మెల్లగా తగ్గిస్తూ పోతే, దాక్కున్న ముక్క మొదటి చివర నుంచి జారుకుంటూ వస్తుంది. చూసేవాళ్ళకి ఎవరో గీస్తున్నట్టు ఉంటుంది. కిటుకు అదే, మిగతాదంతా దాని చుట్టూ తిరిగే పనే.

వీడియోనో గిఫ్ బొమ్మో పెడితే సరిపోదా?

పెట్టొచ్చు. కానీ ఎస్వీజీ ఫైల్‌లో ఉండేది "ఇక్కడ మొదలుపెట్టు, ఇలా వంపు తిరుగు" అన్న అక్షరాలే. అందుకే ఒక మామూలు గీతబొమ్మ కొద్ది కిలోబైట్లలో సరిపోతుంది, ఫోన్‌లో చూసినా పెద్ద టీవీలో చూసినా అంచులు చెదరవు, రంగు మార్చాలంటే ఒక్క మాట మారిస్తే చాలు. ఇదేమీ కొత్త సరుకు కాదు. వెబ్ ప్రమాణాల సంస్థ డబ్ల్యూ3సీ ఎస్వీజీని 2001లోనే సిఫారసు చేసింది.

కోడ్ ఎంత ఉంటుంది?

నాలుగైదు లైన్లు. డాక్యుమెంట్ డాట్ క్వెరీసెలెక్టర్‌తో ఆ పాత్‌ను (ఎస్వీజీలో గీతను చెప్పే ట్యాగ్) పట్టుకోండి. దాని మీద గెట్‌టోటల్‌లెంగ్త్ అని పిలవండి (రెండో టి, రెండో ఎల్ పెద్దక్షరాలు), పొడవు చేతికొస్తుంది. ఆ పొడవునే స్టైల్‌లో డ్యాష్‌అరేకి ఇవ్వండి. తర్వాత పాత్ మీదే ఎనిమేట్ అనే ఫంక్షన్‌ను పిలిచి, డ్యాష్‌ఆఫ్‌సెట్ పొడవు నుంచి సున్నాకి రావాలని చెప్పి, డ్యూరేషన్ 2000 ఇవ్వండి. అది మిల్లీసెకన్ల లెక్క, అంటే 2 సెకన్లు.

ఒక జాగ్రత్త చెప్తా. స్టైల్‌లో ఆఫ్‌సెట్‌ను పొడవుకి సమానంగా రాసిపెట్టి దాచేయకండి, దాచడం ఎనిమేట్‌కే వదిలేయండి. ఎందుకంటే, ఏ కారణంతోనైనా స్క్రిప్ట్ లోడ్ కాకపోతే బొమ్మ మామూలుగా నిండుగా కనిపించాలి. మొదటే సీఎస్ఎస్‌లో దాచిపెట్టారనుకోండి, స్క్రిప్ట్ ఆగిన రోజు లోగో ఉండాల్సిన చోట తెల్లటి ఖాళీ మిగులుతుంది. డిలే పెట్టి ఆలస్యంగా మొదలుపెట్టేటప్పుడు మాత్రం ఫిల్ అనే ఆప్షన్‌కి బ్యాక్‌వర్డ్స్ అని ఇవ్వండి. వంతు వచ్చేదాకా గీత దాక్కునే ఉంటుంది.

గెట్‌టోటల్‌లెంగ్త్ ఇచ్చే కొలత బ్రౌజర్‌ని బట్టి పిసరంత అటూ ఇటూ అవుతుంది. చివర్లో వెంట్రుకవాసి ఖాళీ కనబడితే పొడవుకి ఒకటి కలపండి. కొలవడమే వద్దనుకుంటే పాత్‌కి పాత్‌లెంగ్త్ అనే గుణం 1 అని ఇవ్వండి. అప్పుడు అసలు పొడవు ఎంతున్నా బ్రౌజర్ దాన్ని 1 కిందే లెక్కేస్తుంది. డ్యాష్‌అరే 1, ఆఫ్‌సెట్ 1 నుంచి 0. చిన్న బొమ్మలకి నేను ఈ దారే పడతాను.

అన్నీ సరిగ్గానే రాశాను, కానీ బొమ్మ ఒక్కసారిగా ప్రత్యక్షమవుతోంది. ఎందుకు?

మీరు ఎనిమేట్ కాకుండా సీఎస్ఎస్ ట్రాన్సిషన్ వాడి ఉంటారు. ఆఫ్‌సెట్ 800 అని ఒక లైన్, కింద వెంటనే సున్నా అని ఇంకో లైన్ రాస్తే బ్రౌజర్ రెండూ విని చివరిదే పట్టించుకుంటుంది. మధ్యలో గెట్‌బౌండింగ్‌క్లయింట్‌రెక్ట్ అని ఒకసారి పిలవండి. కొలత చెప్పాలంటే బ్రౌజర్ అప్పటిదాకా ఉన్న పని పూర్తి చేయాలి కాబట్టి 800ని నిజంగా లెక్కలోకి తీసుకుంటుంది.

అదీ కాకపోతే పాత్ లోపలి రంగు చెప్పే ఫిల్ చూడండి (ఎనిమేట్‌లోని ఫిల్ ఆప్షన్ వేరు). పాత్‌కి ఫిల్ నన్ ఇవ్వకపోతే లోపలంతా నల్లరంగు నిండిపోయి, అంచు మీద గీత కదులుతున్నా కంటికి ఆనదు.

బొమ్మ ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టాను. స్క్రిప్ట్‌కి పాత్ దొరకడం లేదు.

దొరకదు. ఇమేజ్ ట్యాగ్‌లో పెట్టిన ఎస్వీజీ అద్దాల బీరువాలో సామాను లాంటిది, చూడొచ్చు గానీ చెయ్యి పెట్టలేం. ఎస్వీజీ ఫైల్‌లోని కోడ్‌ను తెచ్చి పేజీలోనే అతికించండి.

బొమ్మ అన్ని చోట్ల నుంచీ ఒకేసారి మొదలవుతోంది, గీసినట్టు అనిపించడం లేదు.

అసలు పనంతా ఇక్కడే ఉంది. కోడ్ పది నిమిషాల్లో అయిపోతుంది, బొమ్మను సిద్ధం చేయడానికే ఒక పూట పడుతుంది.

ముందు పైపై కారణం. ఒకే పాత్ లోపల పెన్ను ఎత్తి వేరే చోట పెట్టిన గీతలు పదో పదిహేనో ఉండొచ్చు. పాత్ కోడ్‌లో పెద్ద ఎమ్ అక్షరం ఎన్నిసార్లు కనిపిస్తే అన్నిసార్లు పెన్ను ఎత్తినట్టు (చిన్న ఎమ్ అయినా అంతే). డ్యాష్ లెక్క అలాంటి ప్రతి ముక్కకీ మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుంది. కాబట్టి అన్నీ ఒకేసారి బయల్దేరతాయి, చిన్నవి ముందే అయిపోతాయి. బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో బ్రేక్ అపార్ట్ కొడితే ముక్కలు విడివిడి పాత్‌లవుతాయి. ఫైల్ సైజు తగ్గించడానికి ఎస్వీజీఓ లాంటి టూల్ వాడేవాళ్ళు ఇంకో సంగతి గుర్తుపెట్టుకోండి. అది సాయం చేస్తున్నా అనుకుని మీరు విడదీసిన పాత్‌లను మళ్ళీ కలిపేస్తుంది, ఐడీలు కూడా మార్చేస్తుంది. ఆ రెండు ఆప్షన్లూ ఆపేశాకే వాడండి.

ఇక లోతైన కారణం వరస. దీన్ని నాకు నేర్పింది మా అమ్మ.

ఒక బట్టల షాపు పేజీ కోసం సంక్రాంతికి మెలికల ముగ్గు చేశాను. ఏడు చుక్కలు, ఏడు వరుసలు, చుట్టూ మెలికలు. ల్యాప్‌టాప్‌లో ఆడించి చూసుకుని మురిసిపోతున్నా. వంటింట్లోంచి వస్తూ అమ్మ ఆగి చూసింది. "ఏందిరా అది? ముందు మెలిక తిప్పి తర్వాత చుక్కలు పెడతారా ఎవురన్నా?" అంది. నిజమే. బొమ్మలో చుక్కలు గీత మీద పైకి కనబడాలని ఫైల్‌లో అన్నిటికంటే కింద రాశాను. ఎస్వీజీలో కింద రాసింది పైన కనిపిస్తుంది. నా స్క్రిప్ట్ ఫైల్ వరసలోనే ఆడించుకుంటూ పోయింది, చుక్కలు చివరికి వచ్చాయి. చూసేవాడికి తప్పు ఎక్కడుందో చెప్పడం రాకపోవచ్చు, కానీ ఏదో తేడాగా ఉందని మాత్రం తెలుస్తుంది. రోజూ వాకిట్లో ముగ్గు చూసిన ఊళ్ళో ఇంకా త్వరగా తెలుస్తుంది.

అందుకని కనిపించే వరసనీ గీసే వరసనీ విడదీశాను. ప్రతి పాత్‌కీ డేటా-ఆర్డర్ అని ఒక గుణం పెట్టి అంకె వేశాను. చుక్కలకి 1, మెలికలకి 2, చివరి అంచుకి 3. స్క్రిప్ట్ ముందు ఆ అంకెల ప్రకారం పాత్‌లను సర్దుకుని, ఆ తర్వాతే ఆడిస్తుంది. ఫైల్‌లో చుక్కలు ఎక్కడున్నవి అక్కడే ఉన్నాయి.

దిక్కు కూడా చూసుకోవాలి. మెలిక ఏ చివర మొదలవుతుందో పాత్‌లోని మొదటి బిందువే తేలుస్తుంది. తప్పు చివర నుంచి వస్తుంటే ఇంక్‌స్కేప్‌లో పాత్ మెనూలో రివర్స్ ఉంది. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని మెలికలన్నీ ఒక్కొక్కటిగా సరిచూశాను. కోడ్‌లో ఒక్క అక్షరం మారలేదు, బొమ్మ మాత్రం ఇప్పుడే ప్రాణం పోసుకున్నట్టు అయింది.

ఒక గీత అయ్యాక ఇంకోటి రావాలంటే టైమ్ ఎలా లెక్కేయాలి?

అన్ని గీతలకీ సమానంగా ఒక్కో సెకను ఇవ్వకండి. పొడుగు గీత పరిగెడుతుంది, పొట్టిది నత్తలా పాకుతుంది. చెయ్యి వేగం ఒకేలా ఉండాలి, కాబట్టి పొడవుని బట్టి టైమ్ పంచండి. మూడు గీతలు 1200, 300, 600 యూనిట్లు అనుకోండి. మొత్తం 2100. మూడున్నర సెకన్లలో అయిపోవాలంటే సెకనుకి 600 యూనిట్లు. మొదటిదానికి 2 సెకన్లు, రెండోదానికి అర సెకను, మూడోదానికి ఒక సెకను. డిలేలు వరసగా 0, 2, 2.5 సెకన్లు.

ఇంకా సహజంగా రావాలంటే గీతకీ గీతకీ మధ్య చెయ్యి ఎత్తి పెట్టినట్టు 100 మిల్లీసెకన్లు ఖాళీ వదలండి. వేగం ఎక్కడ పెరగాలో ఎక్కడ తగ్గాలో చెప్పే ఈజింగ్ కూడా ఒక్కో గీతకి ఈజ్-ఇన్-అవుట్ ఇస్తే మొదట్లో, చివర్లో కాస్త నెమ్మదిస్తుంది, నిజం చెయ్యి చేసేది అదే.

తెలుగు అక్షరాలు రాస్తున్నట్టు చూపించొచ్చా?

చూపించొచ్చు, కానీ ఇంగ్లీషు ట్యుటోరియల్ చూసి దిగితే దెబ్బ తింటారు.

మొదటి దెబ్బ: టెక్స్ట్ ట్యాగ్‌కి గెట్‌టోటల్‌లెంగ్త్ లేదు. అక్షరాలను ఇంక్‌స్కేప్‌లో ఆబ్జెక్ట్ టు పాత్ ద్వారా పాత్‌లుగా మార్చాలి. మార్చాక చూస్తే రెండో దెబ్బ: ఫాంట్‌లో ఉండేది అక్షరం మధ్యగీత కాదు, అంచు. ఆడిస్తే గీత 'న' చుట్టూ ప్రదక్షిణ చేసి బోలు అక్షరం గీస్తుంది. పలక మీద బలపం అలా నడవదు. మార్కాపురం పలక మీద అక్షరాలు దిద్దినవాళ్ళకి ఎలా నడుస్తుందో చేతికే తెలుసు. ముందు అక్షరం ఒళ్ళు, తర్వాత తలకట్టు, కింద వత్తు.

మూడో దెబ్బ జావాస్క్రిప్ట్ వైపు నుంచి. "నెల్లూరు" అన్న మాటను అక్షరాలుగా విడగొట్టి ఒక్కొక్కటీ ఆడిద్దామని స్ప్లిట్ కొడతారు. మనకి 'ల్లూ' ఒక్క అక్షరం. కంప్యూటర్‌కి అది నాలుగు: ల, పొల్లు, మళ్ళీ ల, కొమ్ముదీర్ఘం. స్ప్లిట్ చేశాక వచ్చే ముక్కలు చూస్తే ఏడుపొస్తుంది.

పనిచేసే దారి ఇది. అసలు అక్షరాన్ని నిండు రంగుతో మామూలుగా ఉంచండి. దాని మీద పెన్ టూల్‌తో మీరు చేత్తో రాసే వరసలోనే మధ్యగీత గీయండి. ఆ మధ్యగీతను మాస్క్‌లో పెట్టి, తెల్లటి స్ట్రోక్‌ను అక్షరం మందం కంటే కొంచెం లావుగా ఇవ్వండి. మాస్క్‌లో తెలుపు ఉన్నచోట కింది బొమ్మ కనిపిస్తుంది, లేనిచోట కనిపించదు. ఇప్పుడు ఆడించాల్సింది ఆ తెల్లగీతని. అక్షరం తన అసలు వంపులతోనే రాసుకుపోతుంది. మాస్క్ బదులు క్లిప్‌పాత్ పెట్టి తల పట్టుకోకండి, అది స్ట్రోక్‌ను లెక్కచేయదు.

'ణ', 'ఘ' లాంటి చోట్ల వంపులు దగ్గరదగ్గరగా ఉంటాయి. లావు గీత పక్క వంపుని కూడా ముందే బయటపెట్టేస్తుంది. అక్కడ అక్షరాన్ని రెండుమూడు ముక్కలు చేసి దేనికి దాని మాస్క్ ఇవ్వాలి. విసుగు పనే, కాదనను. ఒక షాపు పేరు వరకు చేయొచ్చు. ఒక పేరా మొత్తం ఇలా చేయమని క్లయింట్ అడిగితే మర్యాదగా వద్దనండి.

ఫొటో ఇస్తే గీతబొమ్మ తయారవుతుందా?

ఇక్కడ అందరూ తెచ్చే ఫొటో ఒకటే, ఒంగోలు గిత్త. (ఇక్కడి నుంచి వెళ్ళిన ఈ జాతినే బ్రెజిల్‌లో నెలోర్ అంటారు. నెల్లూరు పేరు మీద. మా ఒంగోలోళ్ళు ఆ మాట వింటే కొంచెం ముఖం మాడ్చుకుంటారు.)

ఇంక్‌స్కేప్‌లో ట్రేస్ బిట్‌మ్యాప్ నొక్కితే పాత్‌లు వస్తాయి, అయితే ప్రతి గీతకీ రెండువైపులా అంచులు వస్తాయి. ఇంక్‌స్కేప్ 1.0 నుంచి సెంటర్‌లైన్ ట్రేసింగ్ ఉంది. తెల్లకాగితం మీద నల్ల స్కెచ్‌తో గీసిన బొమ్మకి అది కొంతవరకు పనికొస్తుంది. ఫొటోకి పనికిరాదు, ముక్కలుచెక్కలుగా వందల పాత్‌లు ఇస్తుంది.

ఫొటోను కింది లేయర్‌లో లాక్ చేసి, పైన చేత్తో గీయండి. గిత్తకి నాకు పద్నాలుగు గీతలు పట్టాయి. కొమ్ము అడుగు నుంచి మెడ మీదుగా మూపురం ఎక్కి, వెన్ను దిగి తోక మొదలు దాకా ఒకే గీత. అక్కడ పెన్ను ఎత్తకూడదు, మూపురం ఎక్కేటప్పుడే చూసేవాడు "ఓహో, గిత్త" అనుకుంటాడు. ఆ తర్వాత గంగడోలు, కాళ్ళు. కన్ను చివర్లో పెట్టాను.

గీత మొదలవకముందే ఒక చుక్క కనిపిస్తోంది.

స్ట్రోక్-లైన్‌క్యాప్ రౌండ్ ఇచ్చారు కదా, ఆ గుండ్రటి మూతి అంచున తొంగిచూస్తోంది. గీత మొదలయ్యేదాకా ఒపాసిటీ సున్నా పెట్టండి.

కంప్యూటర్‌లో బాగుంది, ఫోన్‌లో సగం గీసి ఆగిపోతోంది.

వెక్టర్-ఎఫెక్ట్‌కి నాన్-స్కేలింగ్-స్ట్రోక్ (బొమ్మ సైజు మారినా గీత మందం మారనివ్వనిది) అని ఇచ్చారేమో చూడండి. అది ఉంటే డ్యాష్‌ల లెక్క స్క్రీన్ పిక్సెల్స్‌లో జరుగుతుంది, గెట్‌టోటల్‌లెంగ్త్ ఇచ్చేది మాత్రం ఎస్వీజీ సొంత యూనిట్లలో. బొమ్మ సైజు మారగానే రెండు కొలతలకీ పొత్తు కుదరదు. ఆ గుణం తీసేయడమే సులువు.

స్క్రోల్ చేసుకుంటూ బొమ్మ దగ్గరికి వచ్చినప్పుడే మొదలవ్వాలి.

ఇంటర్‌సెక్షన్‌అబ్జర్వర్ వాడండి. బొమ్మలో సగం కనిపించగానే పిలవమని చెప్పి, పిలిచాక ఆడించి, వెంటనే అన్‌అబ్జర్వ్ చేసేయండి. లేకపోతే పైకీ కిందికీ జరిపిన ప్రతిసారీ మళ్ళీ మొదలవుతుంది. ఒకసారి ముచ్చటగా ఉంటుంది, నాలుగోసారి చిరాకేస్తుంది.

లైబ్రరీ వాడాలా?

ఒక్క లోగో కోసమైతే అక్కర్లేదు. గీతలు గీయించడం వరకే కావాలంటే వైవస్ అనే చిన్న లైబ్రరీ ఉంది. గీతలతో పాటు ఇంకా పది రకాల కదలికలు కావాలంటే జీశాప్ మంచిది. అందులోని డ్రాఎస్వీజీ ప్లగిన్ ఒకప్పుడు డబ్బు కట్టేవాళ్ళకే, 2025 నుంచి ఉచితం. కానీ నా దగ్గరికి వచ్చే పిల్లలకి మొదట చేత్తోనే రాయిస్తాను. లైబ్రరీ వాడినా పాత్‌ల వరస మీరే సర్దాలి, అది ఎవరూ సర్ది పెట్టరు.

చవక ఫోన్లలో ఆగి ఆగి కదులుతోంది.

ఆఫ్‌సెట్ మారిన ప్రతిసారీ బ్రౌజర్ ఆ గీతకి మళ్ళీ రంగు వేయాలి. చాలా స్క్రీన్లలో అది సెకనుకి 60 సార్లు, అంటే ఒక్కో ఫ్రేముకి 17 మిల్లీసెకన్లు కూడా దొరకవు. వంద పాత్‌లు ఒకేసారి కదిలితే ఏ ఫోనైనా రొప్పుతుంది. బిందువులు తగ్గించండి (ఇంక్‌స్కేప్‌లో సింప్లిఫై), పాత్‌లు ఒకదాని తర్వాత ఒకటి ఆడించండి, గీతల మీద బ్లర్, నీడ లాంటి ఫిల్టర్లు తీసేయండి. మాస్క్ కూడా బరువే.

కదలిక పడనివాళ్ళ సంగతి?

కొంతమందికి స్క్రీన్ మీద కదలికలు చూస్తే తల తిరుగుతుంది. వాళ్ళు ఫోన్ సెట్టింగ్స్‌లో కదలిక తగ్గించమని పెట్టుకుని ఉంటారు. మ్యాచ్‌మీడియాతో ప్రిఫర్స్-రెడ్యూస్డ్-మోషన్ ఉందో లేదో అడిగి, ఉంటే ఎనిమేట్ పిలవకండి. బొమ్మ ఎలాగూ నిండుగానే ఉంది కదా, అందుకే మొదట్లో దాచొద్దన్నాను. వెబ్ అందుబాటు మార్గదర్శకాల ప్రకారం, వేరే సమాచారం పక్కన తనంతట తాను మొదలై 5 సెకన్లు దాటి కదిలే దేనికైనా ఆపే వీలు ఉండాలి. నేనైతే ఐదు దాకా పోనే పోను. మూడు, మూడున్నర. చీమకుర్తి నుంచి గ్రానైట్ బేరానికి పేజీ తెరిచినవాడు ఫోన్ నంబర్ కోసం వెతుకుతుంటాడు, మన గిత్త కోసం ఆగడు.

చూడలేనివాళ్ళ కోసం ఎస్వీజీలో మొదట టైటిల్ ట్యాగ్ పెట్టి బొమ్మ ఏమిటో ఒక్క మాటలో రాయండి. రోల్ ఇమ్‌జి అని కూడా ఇవ్వండి.

గీత కొసన పెన్ను కూడా కదలాలంటే?

గెట్‌పాయింట్‌అట్‌లెంగ్త్ అని ఒక ఫంక్షన్ ఉంది. ఇంత దూరం వచ్చాక బిందువు ఎక్కడుందని అడిగితే ఎక్స్, వై ఇస్తుంది. రిక్వెస్ట్‌ఎనిమేషన్‌ఫ్రేమ్‌లో ప్రతి ఫ్రేముకీ గీత ఎంత దూరం వచ్చిందో లెక్కేసి, ఆఫ్‌సెట్‌నీ పెన్ను బొమ్మ చోటునీ రెండింటినీ ఆ ఒక్క అంకెతోనే నడపండి. విడివిడిగా నడిపితే పెన్ను ముందు, గీత వెనక అవుతాయి. పెన్ను కూడా అదే ఎస్వీజీ లోపల ఉంటే కొలతల గొడవ ఉండదు. వంపుల దగ్గర పెన్ను తిరగాలంటే ఒక యూనిట్ ముందున్న బిందువుని కూడా అడిగి, రెండింటి మధ్య కోణాన్ని మ్యాథ్ డాట్ అటాన్2తో తీయండి.

గిత్తకి పెన్సిల్ పెట్టాను, బాగా కుదిరింది. ముగ్గుకి చెయ్యి బొమ్మ పెట్టి చూశాను. చూపుడువేలు, బొటనవేలు మధ్య నుంచి పిండి జారుతున్నట్టు ఎంతకీ రాలేదు. అమ్మ చూసి, "చెయ్యి తీసేయ్‌రా, ముగ్గు చాలు" అంది. తీసేశాను.